ఇంటిలో రూటర్ల ప్రయోగశాల

జీడిమెట్ల పారిశ్రామికవాడలో లేతు యంత్రముపై పని నేర్చుకొనుటకు వచ్చిన కుర్రవానికి మొదటి రోజుననే ఖరీదైన ఇత్తడి కడ్డీని ఎవరును చేతికి ఇయ్యరు. మూలనున్న పాత ఇనుప ముక్క నొకదానిని ఇచ్చి, "ముందు దీని మీద చెయ్యి తిప్పుకోరా" అందురు. పని వచ్చిన ప్రతివాడును మొదట కొంత ఇనుమును పాడుచేసినవాడే.

కుత్బుల్లాపూరు చుట్టుపట్ల దుండిగల్లు, బహదూర్‌పల్లి, మైసమ్మగూడ మొదలైన చోట్ల నేడు ఇంజనీరింగు కళాశాలలు అనేకము కలవు. వానిలో చదువుకొని, ఆపైన అమీర్‌పేటలోని శిక్షణ సంస్థలకు పోయి, కంప్యూటరు నెట్‌వర్కుల పని నేర్చుకొను యువతీయువకులు ఎందరో ఉన్నారు. వీరికి ఒక చిక్కు కలదు. పనిచేయుచున్న రూటరును నేర్చుకొనువాని చేతికి ఎవరును ఇయ్యరు. ఒక్క తప్పు ఆజ్ఞతో కార్యాలయమంతయు ఇంటర్నెట్టు లేక కూర్చుండవలసి వచ్చును. పోనీ, నేర్చుకొనుట కొఱకే నాలుగు రూటర్లు కొందమా అన్నచో సామాన్య కుటుంబమునకు అది తలకు మించిన పని. మరి వీరికి ఆ పాత ఇనుప ముక్క ఎక్కడ దొరకును?

ఒకే కంప్యూటరు లోపల నాలుగైదు రూటర్లను కల్పించి, వానిని తీగలతో కలిపి, ఇష్టము వచ్చినట్లు పాడుచేసి, తిరిగి బాగుచేసికొనవచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతము ఇది అందని పని కాదు. ఇది ఎట్లు సాధ్యమో, కంప్యూటరులో పుట్టిన ఆ రూటర్లు ఎంతవరకు నిజమైనవో విచారింతము.

సుచిత్ర కూడలియందు నిలువబడి దారి పలకను చూడుడు. మేడ్చల్ ఇటు, సికిందరాబాదు అటు అని మాత్రమే అది చెప్పును. మేడ్చల్ చేరిన తరువాత ఏ సందు తిరుగవలెనో దానికి తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. రూటరు అట్టి కూడలి పలకయే. ఇంటర్నెట్టులో సమాచారము చిన్న చిన్న పొట్లములుగా ప్రయాణించును. వీనిని పాకెట్లు అందురు. ప్రతి పాకెట్టుపై అది చేరవలసిన చిరునామా అంకెలలో ఉండును. రూటరు తన యొద్దనున్న పట్టికను చూచి, ఆ చిరునామాకు ఏ తీగ మీద పంపవలెనో నిర్ణయించి పంపివైచును.

పట్టికలో ఒకే చిరునామాకు రెండు వరుసలు సరిపోయిన యెడల, ఎక్కువ నిర్దిష్టముగా నున్న వరుసనే రూటరు పాటించును. కరీంనగరు వైపు అని ఒక పలకయు, శామీర్‌పేట అని వేరొక పలకయు ఉన్నచో, శామీర్‌పేట పోవువాడు రెండవ దానినే నమ్మును గదా! ఈ నియమమును గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పెద్ద పని కలదు.

ఇక అనుకరణ సంగతి. ఒక యంత్రము మరియొక యంత్రము చేయు పనిని యథాతథముగ చేయగలదను భావమునకు గట్టి గణితాధారమును 1936లో ఆలన్ ట్యూరింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చూపెను. ఏ గణన యంత్రపు వర్ణన ఇచ్చినను, దానివలె ప్రవర్తింపగల ఒకే ఒక్క సర్వసమర్థ యంత్రము ఉండగలదని ఆయన నిరూపించెను. మన బల్లపై నున్న కంప్యూటరు, జ్ఞాపకశక్తికి గల హద్దును మినహాయించినచో, అట్టిదే. రూటరు కూడ లోపల ఒక కంప్యూటరే కనుక, ఒకటి రెండవదానివలె నటించుటకు సిద్ధాంతములో అడ్డేమియు లేదు.

కాని నటనలో రెండు రకములు కలవు. మన పల్లెలకు వచ్చు పగటివేషగాడు పోలీసు వేషము కట్టి, నాలుగు మాటలు దబాయించి, పిల్లలను భయపెట్టి పోవును. అతడు నేర్చుకొని వచ్చిన మాటలవరకు అచ్చముగ పోలీసే; అంతకు మించి ఏ సెక్షను క్రింద పట్టుకొందువని అడిగినచో నవ్వి ఊరకుండును. సిస్కో సంస్థ విద్యార్థుల కొఱకు తయారుచేసిన పాకెట్ ట్రేసర్ అను సాధనము ఈ జాతికి చెందినది. రూటరు ఏ ఆజ్ఞకు ఎట్లు జవాబు చెప్పవలెనో దానిని తయారుచేసినవారు ముందుగా వ్రాసిపెట్టినారు. వారు వ్రాయని ఆజ్ఞ ఇచ్చినచో అది ఊరకుండును. మొదటి పాఠములకు అది ఎంతయో మంచిది. దానిని చిన్నచూపు చూచుట నాకు సమ్మతము కాదు.

రెండవ రకము వేరు. ఇందులో నటించునది రూటరు కాదు, రూటరు లోపలి యంత్రభాగములు. ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, తీగలు తగిలించు రంధ్రములు - వీనినన్నిటిని కంప్యూటరు అనుకరించును. వాని మీద నడచునది మాత్రము అసలు రూటరు సాఫ్ట్‌వేరే. తాను నిజమైన ఇనుప పెట్టెలో లేనని ఆ సాఫ్ట్‌వేరుకు తెలియదు. దీనినే ఎమ్యులేటరు అందురు. ఇందులో వచ్చు తప్పులు ఎవరో వ్రాసిపెట్టిన తప్పులు కావు, అసలు తప్పులే. నేర్చుకొనువానికి కావలసినదియు అదియే.

ఫ్రాన్సు దేశమున కాంపియేన్ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టాఫ్ ఫియ్యో 2005లో డైనమిప్స్ అను ఎమ్యులేటరును వ్రాయుట ప్రారంభించెను. సిస్కో 7200 తరగతి రూటర్లలో మిప్స్ అను జాతి ప్రాసెసరు ఉండెడిది. ఆ ప్రాసెసరు ఆజ్ఞలను ఒక్కొక్కటిగ తీసికొని, మన కంప్యూటరు ప్రాసెసరుకు తెలిసిన ఆజ్ఞలలోనికి అప్పటికప్పుడు అనువదించుటయే డైనమిప్స్ చేయు పని. దాని పేరులోని మిప్స్ అక్కడినుండి వచ్చినదే. తరువాత 3600, 3700, 2600, 1700 తరగతుల రూటర్లను కూడ అది అనుకరింప నేర్చెను. దీనిపై జెరెమీ గ్రాస్‌మన్ జి.ఎన్.ఎస్.3 అను సాధనమును నిర్మించుటతో, తెరపై రూటరు బొమ్మలను పరచి, వాని మధ్య గీతలు గీచి, నెట్‌వర్కును కట్టుకొను సౌకర్యము కలిగెను.

ఈ డైనమిప్స్ విషయములో ఒక తమాషా కలదు. ఒక్క రూటరును నడిపించినచో చాలును, ఆ రూటరు ఏ పనియు చేయకున్నను, కంప్యూటరు వేడెక్కి దాని పంకా హోరుమనును. ఎందుకనగా, పని లేనప్పుడు రూటరు సాఫ్ట్‌వేరు నిద్రపోదు. ఏదైనా వచ్చినదా, రాలేదా అని చూచుకొనుచు ఒకే చిన్న చుట్టులో తిరుగుచుండును. గానుగలో గింజలు లేకున్నను ఎద్దు తిరుగుచునే యుండినట్లు! ఎమ్యులేటరుకు ఇది ఖాళీ తిరుగుడని తెలియదు. ప్రతి అడుగును భక్తితో అనువదించుచునే యుండును. దీనికి విరుగుడు ఏమనగా, ఆ ఖాళీ చుట్టు సాఫ్ట్‌వేరులో ఏ స్థానమున నున్నదో కనిపెట్టి, అక్కడికి వచ్చినపుడు కొంచెము విశ్రమింపుమని ఎమ్యులేటరుకు చెప్పుట. ఆ స్థానపు సంఖ్యను ఐడిల్ పి.సి. అందురు. సరియైన సంఖ్య ఇచ్చిన క్షణముననే పంకా శాంతించును. చాలని యంత్రము వలననే వేగము లేదని భావించి కొత్త కంప్యూటరు కొనబోవువారు ముందు ఈ ఒక్క సంఖ్యను సరిచూచుకొనుట మేలు.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. డైనమిప్స్, జి.ఎన్.ఎస్.3 ఉచితమైనవే, కాని వాని మీద నడపవలసిన సిస్కో సాఫ్ట్‌వేరు ఆ సంస్థ సొత్తు. ఎక్కడినుండియో దించుకొన్న ప్రతులను వాడుట న్యాయము కాదు, పాఠశాలలో అసలే తగదు. దీనికి మారుగా మంచి మార్గమున్నది. కునిహీరో ఇషిగూరో అను జపాను దేశస్థుడు 1996లో జీబ్రా అను ఉచిత రూటరు సాఫ్ట్‌వేరును మొదలుపెట్టెను. దాని శాఖగా క్వాగ్గా, క్వాగ్గా శాఖగా 2017లో ఎఫ్.ఆర్.ఆర్. వెలువడినవి. ఎఫ్.ఆర్.ఆర్.ను లినక్సుపై ఎవరైనను నడుపుకొనవచ్చును. లినక్సులో ఒకే యంత్రపు నెట్‌వర్కు భాగమును గదులు గదులుగా విభజించుటకు వీలున్నది; గదికొక పట్టిక, గదికొక తీగ. అట్లు నాలుగు గదులు చేసి, గదికొక ఎఫ్.ఆర్.ఆర్.ను ఉంచినచో నాలుగు రూటర్లయినవి. ఇందులో అనుకరింపబడు ప్రాసెసరే లేదు కనుక బరువు బహు తక్కువ, పాత కంప్యూటరు సైతము తట్టుకొనును. ఇంకొక విశేషమేమనగా, ఈ రూటర్లు నటించుట లేదు. ఈ సాఫ్ట్‌వేరే బయటి ప్రపంచములో అసలు నెట్‌వర్కులను నడుపుచున్నది.

ఇక ప్రయోగములు. మన రూటర్లకు మన ఊళ్ళ పేర్లే పెట్టుదము. మొదట మూడు చాలును: కుత్బుల్లాపూరు, మేడ్చల్, శామీర్‌పేట. కుత్బుల్లాపూరును మేడ్చల్‌తోను, మేడ్చల్‌ను శామీర్‌పేటతోను తీగ వేసి కలుపుడు. ప్రతి రూటరు వెనుక ఒక ఊరి నెట్‌వర్కు ఉన్నదనుకొందము. వీనికి వరుసగా 172.16.1.0, 172.16.2.0, 172.16.3.0 అని చిరునామాలు ఇత్తము. ఒక్కొక్కదానిలో 256 చిరునామాలు ఉండును. 10తో మొదలగునవియు, 172.16 నుండి 172.31 వరకు గలవియు, 192.168తో మొదలగునవియు బయటి ఇంటర్నెట్టులో చెల్లకుండ ఇంటి వాడుకకే విడిచిన చిరునామాలని 1996లో అంతర్జాతీయ నియమము ఏర్పడినది. ఇంటిలోని వైఫై పెట్టె సాధారణముగా 192.168తో మొదలగు చిరునామానే వాడుచుండును కనుక, దానితో కలగాపులగము కాకుండ మనము దానిని విడిచితిమి.

ఇప్పుడు కుత్బుల్లాపూరు పట్టికలో "172.16.3.0కు పోవువారు మేడ్చల్‌కు పొండి" అని చేతితో వ్రాయుడు. మేడ్చల్ పట్టికలో "172.16.3.0కు పోవువారు శామీర్‌పేటకు పొండి" అని వ్రాయుడు. దారి సిద్ధమైనది. కుత్బుల్లాపూరు నుండి శామీర్‌పేటకు పింగ్ చేయుడు. పింగ్ అనగా "ఉన్నావా?" అని ఒక పాకెట్టు పంపి, "ఉన్నాను" అను జవాబు కొఱకు వేచియుండుట. జవాబు రాదు!

పట్టికలు తిరిగి చూచుకొనుడు, తప్పు కనబడదు. తీగలు చూచుకొనుడు, అన్నియు సరిగనే ఉన్నవి. కొత్తవాడు సాధారణముగా ఈ ఘట్టమున రూటర్లను తుడిచి మొదటినుండి కట్టుకొనును, మరల జవాబు రాదు. ఈ వ్యాసకర్త కూడ ఒక సాయంకాలమంతయు ఇక్కడనే పోగొట్టుకొన్నాడు. సంగతి ఏమనగా, పాకెట్టు శామీర్‌పేటకు చక్కగా చేరినది. శామీర్‌పేట "ఉన్నాను" అని జవాబు వ్రాసినది. కాని ఆ జవాబు ఎక్కడికి పంపవలెను? కుత్బుల్లాపూరు ఏ దిక్కున ఉన్నదో శామీర్‌పేట పట్టికలో మనము వ్రాయనే లేదు. పోవు దారి వేరు, వచ్చు దారి వేరు; రెండును వేర్వేరుగ చెప్పవలెను. శామీర్‌పేటలో "కుత్బుల్లాపూరు చిరునామాలకు మేడ్చల్ మీదుగ పొమ్ము" అని ఒక్క వరుస చేర్చిన వెంటనే జవాబు వచ్చును. ఈ సంగతిని పుస్తకములో పదిమారులు చదివినను మనసున నాటదు. ఒక సాయంకాలము పోగొట్టుకొన్నవాడు మాత్రము జన్మలో మరువడు.

ఇప్పుడు నాలుగవ రూటరుగా అల్వాల్‌ను తెచ్చి, ఒక ప్రక్క కుత్బుల్లాపూరుతోను, మరొక ప్రక్క శామీర్‌పేటతోను కలుపుడు. చుట్టు పూర్తియైనది. మేడ్చల్ నుండి శామీర్‌పేటకు బాహ్య వలయ రహదారి మీదుగ నేరుగ పోవచ్చును. అది మూసివేసినచో సుచిత్ర, అల్వాల్ చుట్టి కరీంనగరు రోడ్డున పోవచ్చును. మన బొమ్మ నెట్‌వర్కు రూపము అదియే. ఇక చేతివ్రాత పట్టికలను చెరిపివేసి, రూటర్లనే ఒకదానితో నొకటి మాటాడుకొని పట్టికలు వ్రాసికొననిండు.

అట్లు మాటాడుకొను భాషలలో పాతది రిప్. 1988లో నియమబద్ధమైనది. ప్రతి రూటరును 30 సెకండ్లకొకమారు "ఫలాని ఊరు నాకు ఇన్ని అడుగుల దూరము" అని ప్రక్కవారికి చాటును. 180 సెకండ్లు ప్రక్కవాని మాట వినబడనిచో ఆ దారి చెడినదని భావించును. మరియొకటి ఓ.ఎస్.పి.ఎఫ్. ఇందులో రూటర్లు దూరములను చాటవు. తమకు ఎవరెవరితో తీగ కలదో చాటును. ఆ సమాచారముతో ప్రతి రూటరును నెట్‌వర్కు పటమునంతయు తన యొద్ద గీచుకొని, దగ్గరి దారిని తానే లెక్కించుకొనును. ఆ లెక్క డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1956లో, కాఫీ దుకాణములో కూర్చుండి, కాగితము కలము లేకుండ సుమారు ఇరువది నిమిషములలో ఆలోచించినది, 1959లో అచ్చయినది. ఈ భాషలో పలకరింపులు సాధారణముగ 10 సెకండ్లకొకటి. 40 సెకండ్ల మౌనమునకు ప్రక్కవాడు పోయినట్లే.

మేడ్చల్ నుండి శామీర్‌పేటకు ఎడతెగకుండ పింగ్ చేయుచు, ఆ రెండింటి మధ్య తీగను తెంచుడు. గడియారము చూచుకొనుడు. డైనమిప్స్ రూటర్లతో చేసినచో ఒక వింత కనబడును. తీగ తెగినను రూటరు తన రంధ్రము బాగుగనే ఉన్నదని నమ్ముచుండును. నిజమైన రూటరులో తీగ ఊడినచో విద్యుత్సంకేతము ఆగిపోయి వెంటనే తెలియును. ఎమ్యులేటరు ఆ సంకేతమును అనుకరింపదు. కనుక రూటరు మౌనమును లెక్కించుటయే గతి. తీగ తెగుటకు ముందు చివరి పలకరింపు ఎప్పుడు వినబడినదో దానినిబట్టి ఓ.ఎస్.పి.ఎఫ్. 30 నుండి 40 సెకండ్లలో మేల్కొనును. రిప్ దారి చెడినదని గ్రహించుటకే 150 నుండి 180 సెకండ్లు పట్టును. లినక్సు పద్ధతిలో తీగ ఒక కొనను మూసిన వెంటనే రెండవ కొనకు తెలిసిపోవును. అక్కడ ఈ ఆలస్యము చూడగోరువారు మధ్యలో ఒక స్విచ్చి నుంచి, దాని అవతలి ప్రక్క తీగను తీయవలెను. దారి మారిన పిదప ట్రేస్‌రూట్ అను ఆజ్ఞ ఇచ్చి చూడుడు. పాకెట్టు మేడ్చల్ నుండి కుత్బుల్లాపూరు, అల్వాల్ మీదుగ శామీర్‌పేట చేరుచున్నట్లు ఊరి వెంట ఊరు కనబడును.

రిప్‌కు ఇంకొక జబ్బు కలదు. అల్వాల్‌ను తీసివేసి మరల మూడు ఊళ్ళే ఉంచుడు. శామీర్‌పేట నెట్‌వర్కు మేడ్చల్‌కు 1 అడుగు, కుత్బుల్లాపూరుకు 2 అడుగులు. ఆ నెట్‌వర్కే పోయినదనుకొందము. మేడ్చల్‌కు దారి పోయినది. అంతలో కుత్బుల్లాపూరు తన అలవాటు చొప్పున "శామీర్‌పేట నాకు 2 అడుగులు" అని చాటును. ఆ దారి తన మీదుగనే పోవుచుండెడిదని ఎరుగక మేడ్చల్ "అయితే నాకు 3" అని వ్రాసికొనును. అది విని కుత్బుల్లాపూరు 4 అనును, మేడ్చల్ 5 అనును. తాను పుట్టించిన పుకారునే తిరిగి విని నమ్మిన మనిషి వలె! ఇది 16 వచ్చువరకు సాగును. రిప్‌లో 16 అనగా అనంతము, చేరరానిదని అర్థము. ఈలోగా పాకెట్లు రెండు ఊళ్ళ మధ్య బంతివలె తిరుగుచుండును. ఎవరివద్ద విన్నమాటను తిరిగి వారికే చెప్పరాదను నియమము ఈ జబ్బును చాలవరకు మాన్పును. ప్రయోగశాలలో ఆ నియమమును కావలెనని తీసివేసి, అంకెలు ఎక్కుచుండగా చూడవచ్చును. ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్ కూడ మొదట ఈ తరహా పద్ధతినే వాడి, చిక్కులు పడి, 1979లో పటము గీచుకొను పద్ధతికి మారినది.

చివరి ప్రయోగము అన్నిటికన్న ముఖ్యమైనది. నాలుగు రూటర్లను మరల చుట్టుగా కలుపుడు. ఈసారి అల్వాల్‌చేత ఒక అబద్ధమాడింతము. శామీర్‌పేట వారి 256 చిరునామాలలో మొదటి 128 నావేయని అల్వాల్ చాటినచో ఏమగును? ఇది నిర్దిష్టమైన వరుస కనుక, కుత్బుల్లాపూరు, మేడ్చల్ రెండును దానినే నమ్మును. శామీర్‌పేట వెనుకనున్న 172.16.3.10 అను కంప్యూటరుకు పంపిన పాకెట్లన్నియు అల్వాల్ చేరి నశించును. 172.16.3.200 మాత్రము నిక్షేపముగ పలుకును. మరింత విడ్డూరము, శామీర్‌పేట రూటరే తన ఇంటిలోని కంప్యూటరుకు పోవలసిన పాకెట్లను అల్వాల్‌కు పంపివేయును!

ఇది పిల్లల ఆట కాదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం సంస్థ తమ దేశములో యూట్యూబును ఆపుటకై, యూట్యూబు వారి 1024 చిరునామాల సమూహములో 256 చిరునామాల భాగమునకు తప్పుదారి వరుస నొకదానిని వ్రాసెను. దేశము లోపలనే ఉండవలసిన ఆ వరుస పై సంస్థ ద్వారా ప్రపంచమునకంతటికిని చాటబడెను. ప్రపంచములోని రూటర్లు మన కుత్బుల్లాపూరు రూటరు వలెనే నిర్దిష్టమైన వరుసను నమ్మినవి. రెండు గంటలకు పైగా ప్రపంచమున అనేక చోట్ల యూట్యూబు అందలేదు. యూట్యూబువారు తమ వంతుగా ఆ 256నే 128 చొప్పున రెండు ముక్కలు చేసి, ఇంకను నిర్దిష్టముగ చాటి కొంత వెనుకకు లాగికొనిరి. శామీర్‌పేటచేత ఇదే ఉపాయము చేయించి చూడుడు. 64 చొప్పున రెండు ముక్కలు చాటించవలెను. అసలు నెట్‌వర్కుపై ఇట్టి అబద్ధము ఆడించుట నేరమగును. ఇంటి ప్రయోగశాలలోనైతే పదిమారులు ఆడింపవచ్చును, అది గోడ దాటదు. గోడ దాటకుండవలెనన్నచో ప్రయోగశాలను ఇంటి వైఫైతో కలుపకుండుటయే క్షేమము. కలిపినచో చిరునామాలు పంచు పని కూడ మన రూటరు తలకెత్తుకొని, ఇంటిల్లిపాది ఫోన్లను మూగపరచుట అరుదు కాదు.

ఈ ప్రయోగశాల నేర్పలేనివియు ఉన్నవి. వేగము నేర్పదు, పెద్ద రూటర్లలో పాకెట్లను పంపు పని ప్రత్యేకపు చిప్పులు చేయును, అవి ఎమ్యులేటరులో లేవు. తీగ కొనను సరిగ నొక్కకపోవుట, పంకాలో దుమ్ము పేరుకొనుట, ఎలుక కొరికిన తీగ ఏదో వెదకి పట్టుకొనుట - ఇవి తెరపై రావు. వానికి అసలు పెట్టె దగ్గర నిలువబడవలసినదే.

కంప్యూటరు లేని తరగతిలో సైతము మొదటి మెట్టు ఎక్కవచ్చును. నలుగురు పిల్లలను గది నాలుగు మూలల నిలువబెట్టి, ఒక్కొక్కరికి ఒక ఊరి పేరును, ఒక పలకను ఇయ్యుడు. ప్రక్క మూలవారికి మాత్రమే చీటీ పంపవచ్చునని నియమము. దూరములను చీటీలపై వ్రాసి పంపుకొని, ప్రతివాడును తన పలకపై పట్టిక నింపుకొనవలెను. అందరి పట్టికలును కుదురుకొన్న తరువాత, ఇద్దరు ప్రక్కవారి మధ్య చీటీలు ఆపివేయుడు. నాలుగు పలకలును మరల సరిపడుటకు ఎన్ని చీటీలు పట్టినవో, మధ్యలో ఎవరైన తప్పుడు దూరము వ్రాసికొన్నారేమో, నల్లబల్లపై లెక్క వేయుడు. పిదప వీలు కలిగిన రోజున అదే చుట్టును కంప్యూటరులో కట్టి, అదే తీగను తెంచి, రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు.